1,640 గ్రాముల మనవరాలు ఇంటికొచ్చింది, ఎలా చూసుకోవాలి?

ప్రశ్న: మాది ఆదిలాబాద్ దగ్గర పల్లె. మా బిడ్డకు బీపీ ఎక్కువైతే ఎనిమిదో నెలలనే, 33 వారాలకు, ఆపరేషన్ చేసి పాపను తీసిండ్రు. పుట్టినప్పుడు 1,460 గ్రాములు. పెద్దాసుపత్రిల 22 రోజులు బాక్స్‌ల పెట్టిండ్రు, మొదటి వారం ఆక్సిజన్ పెట్టిండ్రు. 1,640 గ్రాములు అయినంక ఇంటికి పంపిండ్రు, మూడు రోజులైంది. పాప పాలకు ఏడువదు. లేపి ఉగ్గుగిన్నెతోని పడితే 10 ఎంఎల్ తాగి మళ్ల పండుకుంటది. చలి బాగున్నది, మంచం పక్కన కుంపటి పెట్టి పైన బల్బు వేలాడదీసినం. వియ్యపురాలు వస, తేనె పంపింది. పక్కింటోళ్లు డబ్బా పాలు సీసాతోని పట్టుమంటున్నరు. మా బిడ్డ పాపను ముట్టుకోవాలంటెనే భయపడుతున్నది, నా వల్లనే ఇట్లయిందని ఏడుస్తది. అల్లుడు నిజామాబాద్‌ల పని చేస్తడు, ఆదివారం వస్తడు. వచ్చే వారం తొట్టెల చేద్దామనుకుంటున్నం. ఆసుపత్రిల ఛాతీకి కట్టుకోవుడు నేర్పిండ్రు, ఇంట్ల గూడ కట్టుకోవాల్నా? స్నానం, నూనె సంగతి ఏంది?
– ఒక అమ్మమ్మ

సమాధానం: అమ్మా, మీరు అడగని సంగతితో మొదలుపెడుతున్నాం, దానికి గడువుంది కనుక. డిశ్చార్జి కాగితంలో 'ఆర్‌ఓపీ' అని రాసి పక్కన తేదీ వేశారేమో చూడండి. అది ముందే పుట్టిన పిల్లలకు వచ్చే కంటి జబ్బు కోసం చేసే పరీక్ష. మన దేశంలో 2,000 గ్రాముల లోపు బరువుతో గానీ, 34 వారాల లోపు గానీ పుట్టిన పిల్లలకు పుట్టిన 30 రోజుల్లోపు ఇది జరగాలి. మీ పాప ఈ రెండు లెక్కల్లోకీ వస్తుంది, పైగా ఆక్సిజన్ కూడా పెట్టారు. మీరు ఉత్తరం రాసేనాటికే పాపకు 25 రోజులు. తేదీ వేయకపోతే రేపే ఆ నవజాత శిశు విభాగానికి ఫోన్ చేసి, కళ్ల డాక్టరు ఏ రోజు వస్తారో, రాకపోతే ఎక్కడికి తీసుకెళ్లాలో అడగండి. తొట్టెల ఎప్పుడైనా చేసుకోవచ్చు.

కంటి లోపలి రెటీనా పొరకు రక్తనాళాలు నెలలు నిండేదాకా పెరుగుతూనే ఉంటాయి. ముందే పుట్టిన బిడ్డలో ఆ పెరుగుదల మధ్యలో ఆగి, తర్వాత అడ్డదిడ్డంగా కొత్త నాళాలు మొలిచి పొరను లాగేయవచ్చు. పొర పూర్తిగా విడిపోతే చూపు తిరిగి తేవడం చాలా కష్టం. పైకి కన్ను మామూలుగానే ఉంటుంది, నీరు కారదు, ఎర్రబడదు. కాబట్టి 'పాప దీపం దిక్కు చూస్తున్నది గదా' అని ఊరుకోవద్దు. చికిత్స అవసరమని తేలితే లేజర్‌ను రెండు మూడు రోజుల్లోనే చేయించాలి, వాయిదా కుదరదు. మొదటిసారి బాగుందన్నా పని అయిపోయినట్టు కాదు. నాళాలు పూర్తిగా పెరిగాయని డాక్టరు చెప్పేదాకా ఒకటి రెండు వారాలకోసారి వెళ్లాలి. వెళ్లిన రోజు పరీక్షకు గంట ముందే పాలు పట్టేయండి, కడుపు నిండుగా ఉన్నప్పుడు చూస్తే కక్కుతుంది. దారి పొడవునా పాపను ఛాతీకి కట్టుకునే తీసుకెళ్లండి. జననీ శిశు సురక్షా కార్యక్రమం కింద ఏడాది లోపు జబ్బు పిల్లలకు సర్కారు దవాఖానలో వైద్యం, రానుపోను బండి ఉచితం. కంటి పరీక్షకు బండి కావాలని ఆశా కార్యకర్తను అడగండి. అదే ప్రయాణంలో చెవి పరీక్ష కూడా చేయిస్తే ఒక తిప్పట తగ్గుతుంది.

ఇక రెండోది, కుంపటి. చదవడం ఆపి ముందు దాన్ని బయట పెట్టించండి. తలుపులు మూసిన గదిలో బొగ్గులు కాలితే కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది, పాపనే కాదు బాలింతను కూడా. సాంబ్రాణి పొగ కూడా వద్దు. వారం రోజులు ఆక్సిజన్ మీద ఉన్న ఊపిరితిత్తులవి. వేలాడే బల్బు ఒక పక్క కాల్చి ఇంకో పక్కను చలికి వదిలేస్తుంది, తెగి పడితే ఒళ్లు కాలుతుంది. ఉడుకు నీళ్ల సీసాలు పక్కన పెట్టడం కూడా ఇలాంటిదే. ఈ వయసులో చర్మం పల్చన, కాలినా పాప గట్టిగా ఏడ్చి చెప్పలేదు.

వీటన్నిటికీ బదులు ఏమిటంటే, మీ ఆసుపత్రి వాళ్లు నేర్పిందే. ఇంట్లో కూడా కట్టుకోవాలా అని అడిగారు, ఇంట్లోనే ఇంకా ఎక్కువ కట్టుకోవాలి. 1978లో కొలంబియా దేశంలోని బొగోటా నగరంలో ఎద్గార్ రే అనే పిల్లల డాక్టరు, బాక్సులు చాలక ఒక్కో దాంట్లో ఇద్దరు ముగ్గురు పిల్లల్ని పెట్టాల్సి వస్తుంటే, తల్లుల ఛాతీ మీద పడుకోబెట్టించడం మొదలుపెట్టాడు. గతిలేక చేసిన పని మేలైన వైద్యమని తేలింది. మన హర్యానా పల్లెల్లో తక్కువ బరువు పిల్లలకు ఇంట్లోనే ఇలా చేయించి చూసిన అధ్యయనం 2019లో వచ్చింది, చేసిన ఇళ్లలో పిల్లల మరణాలు గణనీయంగా తగ్గాయి. 2022 నుంచి ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది రోజుకు 8 నుంచి 24 గంటలు, ఎన్ని గంటలు కుదిరితే అన్ని.

ఎందుకింత పట్టుబడుతున్నామంటే, మీరు రాసిన 'పాలకు ఏడువదు' అన్న మాటకూ చలికీ సంబంధం ఉంది. నెలలు నిండని బిడ్డకు చర్మం కింద కొవ్వు ఉండదు, వణికి వేడి పుట్టించుకోలేదు. ఒళ్లు చల్లబడితే తాగిన పాలలోని శక్తి అంతా వేడి కోసమే ఖర్చవుతుంది, రక్తంలో చక్కెర పడిపోతుంది, మగత కమ్ముతుంది, మగతలో పాలు తాగదు, తాగకపోతే ఇంకా చల్లబడుతుంది. బయటికి కనిపించేది మాత్రం 'మా పాప నెమ్మదస్తురాలు, ఊరికే ఏడువదు' అని. మూడు రోజులుగా 10 ఎంఎల్ దగ్గరే ఆగిపోవడానికి ఇది కారణమై ఉండవచ్చు. అందుకే పాలు పట్టే ముందు ప్రతిసారీ ఒళ్లు చూడండి. మీ చేతి వెనక భాగాన్ని పాప పొట్టకు, తర్వాత అరికాళ్లకు ఆనించండి. రెండూ వెచ్చగా ఉంటే సరే. పొట్ట వెచ్చగా ఉండి పాదాలు చల్లగా ఉంటే చలి మొదలైంది, వెంటనే ఛాతీకి కట్టుకుని పాలు పట్టాలి. రెండూ చల్లగా ఉంటే ప్రమాదం. మెడికల్ షాపులో డిజిటల్ థర్మామీటర్ కొనండి. చంకలో పెట్టి చెయ్యి ఆనించి పట్టుకుని, కూత వినిపించేదాకా ఉంచాలి. 97.7 నుంచి 99.5 ఫారన్‌హీట్ మధ్య ఉండాలి. 97.7 కంటే తగ్గితే ఛాతీకి కట్టి, పాలు పట్టి, గంట తర్వాత మళ్లీ చూడండి, పెరగకపోతే ఆసుపత్రికి. 95.9 కంటే తగ్గితే గంట కూడా ఆగవద్దు, కట్టుకునే బయలుదేరండి. 99.5 దాటితే ముందు దుప్పట్లు ఎక్కువయ్యాయేమో చూసి, ఒక పొర తీసి అరగంటకు మళ్లీ చూడండి, అప్పటికీ అంతే ఉంటే ఆసుపత్రికి. జ్వరం మందు ఇంట్లో వేయకండి.

కట్టుకునే పద్ధతి గుర్తు చేస్తాం, ఇంట్లో తప్పులు జరిగేది ఇక్కడే. పాపకు టోపీ, మేజోళ్లు, లంగోటీ లేదా డైపర్ తప్ప ఇంకేం ఉండకూడదు. చొక్కా తొడిగి కట్టుకుంటే సగం ఫలితం పోతుంది, వేడి చర్మం నుంచి చర్మానికే అందాలి. తల్లి జాకెట్ ముందు గుండీలు విప్పుకుని, పాపను రొమ్ముల మధ్య నిలువుగా, ఛాతీకి ఛాతీ ఆనేలా పెట్టాలి. తల ఒక పక్కకు తిప్పి గడ్డం కొద్దిగా పైకి ఉండాలి. గడ్డం ఛాతీకి ఆనిందంటే ఊపిరి గొట్టం మడత పడుతుంది. కాళ్లు చేతులు కప్పలా మడిచి ఉంచాలి. మెత్తని నూలు చీర ముక్కతో గానీ, ఆసుపత్రిలో ఇచ్చిన పట్టీతో గానీ కట్టండి. పై అంచు పాప చెవి కింది దాకా రావాలి, బిగువు ఛాతీ దగ్గరే ఉండాలి, పొట్ట దగ్గర వదులుగా ఉంటేనే ఊపిరి ఆడుతుంది. పైన శాలువా కప్పుకోవచ్చు, పాప ముఖం మాత్రం ఎప్పుడూ కనిపిస్తూ ఉండాలి. కట్టుకుంటే కనీసం గంట తీయకండి. పది నిమిషాలకోసారి కట్టి విప్పితే పాపకు అలసటే మిగులుతుంది.

తల్లి వెల్లకిలా చదునుగా పడుకోకూడదు. వీపు వెనక రెండు మూడు దిండ్లు పెట్టుకుని వాలుగా ఆనుకోవాలి, ఆపరేషన్ కుట్టు మీద కూడా బరువు పడదు. ఇంటి పని చేసుకుంటూ నడవచ్చు, పొయ్యి దగ్గరకు మాత్రం వెళ్లకూడదు.

రోజుకు 8 గంటలంటే బాలింత ఒక్కతే మోయలేదు, మోయనక్కర్లేదు కూడా. మీరు కట్టుకోవచ్చు, తాతగారు కట్టుకోవచ్చు, ఆదివారం వచ్చే అల్లుడు తప్పకుండా కట్టుకోవాలి. దగ్గు, జలుబు, జ్వరం, చర్మం మీద గజ్జి, పుండ్లు లేకపోతే చాలు. స్నానం చేసి, గోళ్లు కత్తిరించి, ఉంగరాలు గాజులు తీసి, మోచేతుల దాకా సబ్బుతో కడుక్కోవాలి. పాన్, బీడీ వాసన వస్తే ఆ పూట ఆయన వంతు లేదు. తెల్లవారుజామున 4 నుంచి 7 దాకా చలి బాగా ఉంటుంది, రాత్రంతా లేచి ఉన్న తల్లికి అప్పుడే నిద్ర కావాలి. ఆ మూడు గంటలు మీరు తీసుకోండి. మధ్యాహ్నం తిన్నాక రెండు గంటలు తాతగారికివ్వండి. అల్లుడికి మొదట చేతులు వణుకుతాయి. కుర్చీలో వాలుగా కూర్చోబెట్టి, పాపను మీరే పెట్టి మీరే కట్టండి. ఎవరి మీదా లేని సమయంలో పాపకు నూలు చొక్కా, టోపీ, మేజోళ్లు వేసి, రెండు పొరల గుడ్డలో చుట్టి, తల్లి పక్కన గట్టి పరుపు మీద వెల్లకిలా పడుకోబెట్టాలి. తల కింద దిండు వద్దు. పాపకు 2.5 కిలోలు వచ్చేసరికి తనే కాళ్లతో తన్నుతూ, జారిపోతూ, ఇక చాలంటుంది. అప్పుడు మానేయవచ్చు.

పాల లెక్క. 1,640 గ్రాముల బిడ్డకు రోజుకు కిలోకు 160 నుంచి 180 ఎంఎల్ అనుకుంటే 260 నుంచి 295 ఎంఎల్ కావాలి. రెండు గంటలకోసారి, రోజుకు 12 సార్లు పడితే పూటకు 22 నుంచి 25 ఎంఎల్. డిశ్చార్జి కాగితంలో వేరే లెక్క రాసి ఉంటే దాన్నే పాటించండి. 10 ఎంఎల్ అంటే సగం కూడా కాదు. ఒళ్లు వెచ్చబడ్డాక కూడా వరసగా రెండు పూటలు సగం కంటే తక్కువే తాగితే ఇంట్లో ప్రయత్నాలు మాని ఆసుపత్రికి వెళ్లండి. నవజాత శిశువులో ఇన్ఫెక్షన్ చాలాసార్లు జ్వరంగా రాదు, పాలు మానడంగా వస్తుంది. అంతకుముందు బాగా తాగిన బిడ్డ మానితే మరీ అనుమానించాలి.

ఏడ్చేదాకా ఆగవద్దు, గడియారం చూసి పట్టాలి, రాత్రి కూడా. ఫోన్‌లో రెండు గంటలకోసారి అలారం పెట్టుకోండి. లేపడానికి చుట్టిన గుడ్డ విప్పి, డైపర్ మార్చి, వీపును, అరికాళ్లను మెల్లగా రుద్ది, పెదవి మీద రెండు చుక్కల పాలు పిండండి. ముఖాన నీళ్లు చల్లకండి.

ప్రతి పూటా ముందు రొమ్ము పట్టించండి. 34 వారాలకు చప్పరించడం, మింగడం, ఊపిరి తీయడం ఈ మూడూ కలిసి రావడం మొదలవుతుంది. మీ పాపకు ఇప్పుడు లెక్క ప్రకారం 36 వారాలు దాటాయి, కాబట్టి నేర్చుకునే వయసే. పది పదిహేను నిమిషాలు చప్పరించి అలిసిపోతుంది, మిగతాది ఉగ్గుగిన్నెతో. పాపను మీ మోచేతి మడతలో తల ఎత్తుగా ఉండేలా కూర్చోబెట్టినట్టు పట్టుకోండి. ఉగ్గుగిన్నె ముక్కును పెదవుల మూలకు ఆనించి, పాలు పెదవికి తగిలేంత మాత్రమే వంచండి. పాప నాలుకతో తనే లాక్కుంటుంది. మింగిందని చూశాకే మళ్లీ వంచాలి. నోట్లో పోయడం, ముక్కు మూసి మింగించడం, నిద్రలో పట్టడం, ఈ మూడింటివల్లే పాలు ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా వస్తుంది. ఒక పూట 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది, తొందరపడితే లాభం లేదు. తర్వాత భుజాన వేసుకుని తేన్పు తెప్పించి, మళ్లీ ఛాతీకి కట్టేయండి. నిలువుగా ఉంటే కక్కడం కూడా తగ్గుతుంది. మధ్యలో పొలమారి నీలంగా మారితే పట్టడం ఆపి, పక్కకు తిప్పి, నోరు తుడిచి, వీపు రుద్దండి. తేరుకుని రంగు వెంటనే మామూలైనా ఆ రోజే డాక్టరుకు చూపించాలి.

పాలు పిండడం తల్లి చేతితోనే నేర్చుకుంటే మంచిది, పంపు కడగడం తలనొప్పి. చేతులు సబ్బుతో ఒక నిమిషం కడుక్కుని, బొటనవేలు రొమ్ము పైన, మిగతా వేళ్లు కింద, చనుమొనకు 3 నుంచి 4 సెంటీమీటర్ల వెనక పెట్టాలి. ముందు ఛాతీ వైపు నొక్కి, తర్వాత వేళ్లు దగ్గరికి తెచ్చి, వదలాలి. వేళ్లు చర్మం మీద జారకూడదు, చనుమొనను లాగకూడదు. ధార తగ్గాక రెండో రొమ్ము, మళ్లీ మొదటిది, మొత్తం 20 నుంచి 30 నిమిషాలు. రోజుకు 8 సార్లు తీయాలి, అందులో ఒకటి రెండు రాత్రి. రాత్రి వదిలేస్తే వారంలో పాలు తగ్గిపోతాయి, అప్పుడు 'దీనికి పాలు పడలే' అంటారు. పిండే ముందు గంట సేపు పాపను ఛాతీకి కట్టుకుంటే పాలు తేలికగా దిగుతాయి. మూత ఉన్న స్టీలు గిన్నెలో పోస్తే గదిలో 4 గంటలు, ఫ్రిజ్ లోపలి అరలో (తలుపు అరలో కాదు) 24 గంటలు ఉంచవచ్చు. పొయ్యి మీద కాచకండి, వేడినీళ్ల గిన్నెలో నిలబెట్టి గోరువెచ్చన చేయాలి. ఉగ్గుగిన్నెలో మిగిలినవి పారబోయాలి. ఉగ్గుగిన్నెను ప్రతిసారీ సబ్బుతో కడిగి, నీళ్లు మరగడం మొదలయ్యాక 10 నిమిషాలు అందులో ఉంచాలి. మీ ఇంట్లో పాత వెండిది ఉంటే నగిషీల్లో పాలు ఇరుక్కుంటాయి, ఆసుపత్రి స్టీలుదే వాడండి.

సీసా వద్దు. పీకలో పాలు పాప ప్రమేయం లేకుండా కారుతుంటాయి, కడగడం కష్టం, రొమ్ము పట్టడం మరిచిపోతుంది. డబ్బా పాలు డాక్టరు రాస్తే తప్ప వద్దు. ముందే పుట్టిన పిల్లల్లో పేగు దెబ్బతినే జబ్బు డబ్బా పాల మీద ఎక్కువ, తల్లిపాల మీద తక్కువ. వస, తేనె, ఆముదం, గ్రైప్ వాటర్, చక్కెర నీళ్లు ఒక్క చుక్క కూడా వద్దు. తేనెలో ఉండే బొట్యులిజం క్రిమి ఏడాది లోపు పిల్లల్లో కండరాలు చచ్చుబడేలా చేయగలదు, ఆముదం గొంతు జారి ఊపిరితిత్తుల్లో పడితే అక్కడే నిలిచిపోతుంది. వియ్యపురాలితో 'మీది తప్పు' అనక్కర్లేదు, 'ఏడాది నిండేదాకా ఆసుపత్రోళ్లు వద్దన్నరు' అనండి. వచ్చినప్పుడు ఆమె చేతులు కడిగించి, ఒక గంట పాపను ఛాతీకి కట్టివ్వండి. తేనె సీసా తీసుకుని పంపడం కంటే అదే ఆమెకు నచ్చుతుంది.

చుక్కల మందుల దగ్గర ఒక పొరపాటు మామూలుగా జరుగుతుంది. విటమిన్-డి రోజుకు 400 యూనిట్లు ఇస్తారు. కానీ ఒక కంపెనీ సీసాలో ఒక ఎంఎల్‌కు 400 ఉంటే ఇంకోదాంట్లో 800 ఉంటుంది. షాపువాడు వేరే సీసా ఇస్తే పాత కొలత పనికిరాదు. ఐరన్ చుక్కలు రెండు వారాల వయసు నుంచి కిలోకు 2 మిల్లీగ్రాముల లెక్కన రాస్తారు, దానికీ ఇదే జాగ్రత్త. ఒక సీసా డ్రాపరు ఇంకో సీసాలో పెట్టకండి. ఐరన్‌కు విరేచనం నల్లగా వస్తుంది, భయం లేదు.

స్నానం 2.5 కిలోలు దాటేదాకా వద్దు. రోజు విడిచి రోజు, మధ్యాహ్నం ఎండ వేళ, గోరువెచ్చని నీళ్లలో ముంచి పిండిన గుడ్డతో ఒక్కో భాగం తుడిచి, వెంటనే ఆరగుడ్డతో అద్ది, కప్పేయాలి. ముఖం, మెడ మడతలు, చంకలు, గజ్జలు తుడిస్తే చాలు, ఐదు నిమిషాల పని. నలుగు పిండి వద్దు. బరువు నిలకడగా పెరుగుతుంటే డాక్టరును అడిగి, కొబ్బరినూనె అరచేత రాసుకుని మెల్లగా పూయవచ్చు. రుద్దడం, కీళ్లు లాగడం, మాడు మీద నూనె పోసి తట్టడం, ముక్కులో చెవిలో చుక్కలు వేయడం వద్దు. ఆడపిల్లని రొమ్ములు పిండే అలవాటు కొన్ని ఇళ్లలో ఉంది, అది చీము గడ్డకు దారి. కాటుక కంట్లో పెట్టకండి. దిష్టి అంటారా, అరికాలికి చుక్క పెట్టి మేజోడు తొడగండి, ఎవరికీ అభ్యంతరం లేదు.

తొట్టెల ఇంట్లో వాళ్లతో చేసుకోండి. ఊరిని పిలిస్తే ఒడి నుంచి ఒడికి మారే బిడ్డకు అరగంటలో ఒళ్లు చల్లబడుతుంది, ఎవరి జలుబు ఎవరికి తగిలిందో తెలియదు. పేరు పెట్టుకుని, పాపను తల్లి ఛాతీ మీదే ఉంచి, భోజనాలు పాప 2.5 కిలోలు అయ్యాక పెట్టుకోండి.

వారానికోసారి బరువు తూయించాలి. అదే త్రాసు, బట్టలు లేకుండా, పాలు పట్టే ముందు. రోజుకు 25 గ్రాముల చొప్పున వారానికి 150 నుంచి 200 గ్రాములు పెరగాలి. 100 కూడా పెరగకపోతే డాక్టరుకు చూపించండి. ఆశా కార్యకర్త 28వ రోజు, 42వ రోజు ఎలాగూ రావాలి, తర్వాత 3, 6, 9, 12, 15 నెలలకు వస్తుంది. నడుమ కూడా త్రాసు తెమ్మనండి. రోజుకు ఆరు నుంచి ఎనిమిది సార్లు ఒంటికి పోస్తుంటే పాలు సరిపోతున్నట్టు. టీకాలు పుట్టిన తేదీ లెక్కనే, ఆరు వారాలకు. 'ముందే పుట్టింది, బరువు లేదు' అని ఎవరన్నా ఆపవద్దు. బీసీజీ ఆసుపత్రిలో వేశారో లేదో కార్డులో చూడండి. మెడ నిలపడం, నవ్వడం మాత్రం ఏడు వారాలు ఆలస్యంగా లెక్కపెట్టుకోండి.

ఊపిరి విషయంలో అనవసరంగా భయపడకుండా ఒకటి తెలుసుకోండి. ఇలాంటి పిల్లలు ఐదు పది సెకన్లు ఊపిరి ఆపినట్టుండి, తర్వాత గబగబా తీస్తారు. రంగు మారకపోతే అది మామూలే. 20 సెకన్లు ఆగినా, అంతకంటే తక్కువే ఆగి పెదవులు నీలమైనా ప్రమాదం. నిద్రలో ఉన్నప్పుడు పూర్తిగా ఒక నిమిషం లెక్కపెట్టండి. 60, ఆపైన ఉంటే మళ్లీ లెక్కపెట్టండి, రెండోసారీ అంతే ఉంటే ఆసుపత్రికి. డొక్కలు ఎగరేయడం, ప్రతి ఊపిరికీ మూలిగినట్టు శబ్దం, ఫిట్స్, తట్టినా కదలకపోవడం, పొట్ట ఉబ్బి పసరు కక్కడం, కామెర్ల పసుపు రంగు అరచేతులు, అరికాళ్ల దాకా రావడం, బొడ్డు చుట్టూ ఎర్రబడి చీము పట్టడం, వీటిలో ఏది కనిపించినా 108కి ఫోన్ చేయండి. పాపను ఎత్తుకుని పరుగెత్తకండి, ఛాతీకి కట్టుకుని బండి ఎక్కండి.

మీ బిడ్డ సంగతి చివర రాస్తున్నామని తక్కువ అనుకోకండి. గర్భంలో బీపీ పెరగడం ఆమె తిన్నదాని వల్లా, చేసిన పని వల్లా రాలేదు. ఆ రోజు ఆపరేషన్ చేయకపోతే తల్లీబిడ్డ ఇద్దరికీ ప్రమాదం. ఈ మాట మీ నోటితో, వియ్యపురాలి ముందే అనండి. ముట్టుకోవడానికి భయపడే తల్లికి ధైర్యం చెప్పడం కంటే పాపను ఛాతీకి కట్టి పక్కన కూర్చోవడం పనిచేస్తుంది. మొదటి రోజు గంట చాలు. రెండు వారాలు దాటినా ఏడుపు తగ్గకపోయినా, నిద్ర పట్టకపోయినా, పాపను చూడబుద్ధి కావట్లేదన్నా, టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు. చచ్చిపోవాలనిపిస్తోందని అంటే ఒంటరిగా వదలకుండా అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లండి.

బీపీ కాన్పుతో తగ్గిపోతుందని మాత్రలు ఆపకండి. ఆశాతో గానీ పల్లె దవాఖానలో గానీ వారానికోసారి చూపించండి. తల పగిలేంత నొప్పి, కళ్లు మసకలు, డొక్క పైభాగాన నొప్పి వస్తే ఆమెకూ 108. పథ్యం పేరుతో కారం మెతుకులు పెట్టి నీళ్లు తక్కువ చేస్తే పాలెక్కడి నుంచి వస్తాయి? పప్పు, గుడ్డు, ఆకుకూర, పాలు పెట్టండి, దాహమైనన్ని నీళ్లివ్వండి. ఐరన్, కాల్షియం మాత్రలు కాన్పు తర్వాత ఆరు నెలలు వాడాలి. మళ్లీ కాన్పు అనుకుంటే మూడో నెల నిండకముందే ఈసారి జరిగింది డాక్టరుకు చెప్పాలి, బీపీ రాకుండా చిన్న మోతాదు ఆస్పిరిన్ అప్పుడే మొదలుపెడతారు.

డిశ్చార్జి కాగితం అన్ని పేజీలూ ఫోటో తీసి మీ ఫోనులో, అల్లుడి ఫోనులో పెట్టించండి. కంటి పరీక్షకు వెళ్లినా, అర్ధరాత్రి 108 ఎక్కినా మొదట అడిగేది అదే.